ఏడు గీతలు, పిడికెడు విభూతి

గురుచరిత్ర పారాయణ చేసే ఇళ్లలో అందరికీ తెలిసిన ఘట్టం ఒకటుంది. గాణ్గాపురంలో నృసింహ సరస్వతి స్వామి దగ్గరికి వేదపండితులు వస్తారు. మాతో వాదానికి దిగండి, లేదంటే ఓడిపోయామని జయపత్రం రాసివ్వండి అంటారు. స్వామి ఆ దారిన పోతున్న ఒక మనిషిని పిలిపిస్తాడు. నువ్వెవరని అడిగితే, అంటరాని కులంవాణ్నని చెప్పి అతను దూరంగానే నిలబడతాడు. స్వామి నేల మీద ఏడు గీతలు గీయించి, ఒక్కొక్కటే దాటి రమ్మంటాడు. ఒక్కో గీత దాటుతుంటే ఒక్కో పూర్వజన్మ గుర్తొస్తుంది. బోయగా, శూద్రుడిగా, వైశ్యుడిగా, క్షత్రియుడిగా బతికిన బతుకులన్నీ కళ్లముందుకొస్తాయి. ఏడో గీత దాటేసరికి అతను వేదాలు చదువుకున్న బ్రాహ్మణుడు. ఒంటిమీద విభూతి చల్లగానే వేదం వల్లిస్తాడు. పండితులకు నోట మాట రాదు.

చాలామంది కథను ఇక్కడితో ఆపేస్తారు. గురుకృప ఉంటే కులం ఏపాటిదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? నేనూ చాలా ఏళ్లు అలాగే విన్నాను, అలాగే నమ్మాను. పెద్దయ్యాక సప్తాహంలో స్వయంగా చదివినప్పుడు మిగతా కథ తెలిసింది. ఆ మనిషి స్వామి కాళ్లమీద పడి, నేను బ్రాహ్మణ్నే కదా, నన్ను వాళ్లలో చేర్చండి అని వేడుకుంటాడు. స్వామి ఒప్పుకోడు. ఇంతలో భార్యాబిడ్డలు వెతుక్కుంటూ వస్తే, నన్ను ముట్టుకోవద్దు, దూరం పొండి అంటాడతను. చివరికి స్వామి అతని నెత్తిన నీళ్లు పోయిస్తాడు. విభూతి కొట్టుకుపోతుంది. దాంతో పాటు వేదమూ పోతుంది, ఏడు జన్మల జ్ఞాపకమూ పోతుంది. నేనిక్కడికెందుకొచ్చానని తెల్లబోయి, పెళ్లాం బిడ్డలను వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లిపోతాడు.

పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. కులం, మనిషి పుట్టుక, గురువు. ఈ మూడింటి మధ్య మన సంప్రదాయంలో ఉన్న పేచీ అంతా ఆ రెండు చెంబుల నీళ్లలో కనిపించింది.

మనిషిగా పుట్టడం ఎంత అరుదో చెప్పని మతగ్రంథం మనకు లేదు. ఎనభై నాలుగు లక్షల యోనులు తిరిగి తిరిగి ఈ జన్మకు వచ్చామని ఊళ్లో ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది. శంకరాచార్యుల పేరుతో ప్రచారంలో ఉన్న వివేకచూడామణి ఈ మాటతోనే మొదలవుతుంది. అది శంకరుల రచనా కాదా అన్నది పండితుల తగువు, దాన్నలా ఉంచుదాం. నన్ను కదిలించేది ఆ గ్రంథంలో రెండో శ్లోకమూ మూడో శ్లోకమూ పక్కపక్కనే ఉన్న తీరు. రెండో శ్లోకం ఒక నిచ్చెన వేస్తుంది. ప్రాణుల్లో మనిషి జన్మ దుర్లభం, అందులో మగపుట్టుక, అంతకంటే బ్రాహ్మణ్యం, ఆ తర్వాత వైదికమార్గం, ఇలా మెట్టు మీద మెట్టు. మూడో శ్లోకానికి వచ్చేసరికి మెట్లన్నీ మాయం. దైవానుగ్రహం వల్ల దొరికే అరుదైనవి మూడే అంటుంది: మనిషై పుట్టడం, ముక్తి కావాలన్న తపన, మహాపురుషుడి ఆశ్రయం. మగా ఆడా అనే తేడా లేదు, కులం ఊసు లేదు. ఒకే గ్రంథం, రెండు శ్లోకాలు, రెండు లోకాలు. మన ఆధ్యాత్మిక చరిత్ర ఇన్ని వందల ఏళ్లుగా ఈ రెంటి మధ్యే ఊగుతోందని నాకనిపిస్తుంది.

నిచ్చెన ఇంకా పాతది. ఛాందోగ్యోపనిషత్తు ఐదో అధ్యాయంలో, మంచి నడత గలవాళ్లు బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య యోనుల్లో పుడతారని, చెడు నడత గలవాళ్లు కుక్క, పంది, చండాల యోనుల్లో పుడతారని ఉంది. ఆ వరుసను నిదానంగా చదవాలి. చండాలుణ్ని లెక్కగట్టింది మనుషుల పక్కన కాదు, కుక్క పక్కన, పంది పక్కన. మానవజన్మ దుర్లభమని ఘోషించే సంప్రదాయమే కొందరి మానవజన్మను ఆ లెక్కలోంచి తీసేసింది. అదే ఉపనిషత్తులో, అంతకుముందు అధ్యాయంలోనే, సత్యకామ జాబాలుడున్నాడు. నీ గోత్రమేదో నాకు తెలియదు, పరిచర్యలు చేస్తూ తిరిగిన రోజుల్లో నువ్వు పుట్టావని తల్లి జబాల చెప్పింది. ఆ మాటనే పొల్లుపోకుండా గౌతముడి ముందు చెప్పాడు పిల్లవాడు. గురువు చేర్చుకున్నాడు. కానీ చేర్చుకుంటూ ఏమన్నాడు? బ్రాహ్మణుడు కానివాడు ఇంత నిజం చెప్పలేడన్నాడు. తలుపు తెరిచాడు, నిజమే. తెరిచిన తలుపు మీద మాత్రం పాత పేరే ఉంది.

బ్రహ్మసూత్రాల్లో అపశూద్రాధికరణమనే భాగం ఉంది, మొదటి అధ్యాయం మూడో పాదంలో. శూద్రుడికి వేదవిద్యలో అధికారం లేదని తేల్చేది అదే. శంకరుల భాష్యం ఆ తీర్పును ఒప్పుకుంటుంది. ఒప్పుకుంటూనే ఒక చిక్కులో పడుతుంది. మరి విదురుడు జ్ఞాని కదా? మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు జ్ఞాని కదా? దానికి భాష్యకారుల సమాధానం, వాళ్లకు పూర్వజన్మ సంస్కారం వల్ల జ్ఞానం కలిగిందని. ఇతిహాస పురాణాలు విని తెలుసుకునే హక్కు నాలుగు వర్ణాలకూ ఉందని కూడా అక్కడే అంటారు. అది చిన్న మాట కాదు. ఆ సందులోంచే తరవాతి భక్తి ఉద్యమమంతా నడిచి వచ్చింది.

నా గొంతులో ముల్లు మాత్రం ఆ 'పూర్వజన్మ' దగ్గరే గుచ్చుకుంది. ఒకసారి కంటపడ్డాక ఎక్కడ చూసినా అదే కనిపించింది. భారతంలోని ధర్మవ్యాధుడు మిథిలలో మాంసం కొట్టు దగ్గర కూర్చుని, తపస్సు చేసొచ్చిన కౌశికుడికి ధర్మం బోధిస్తాడు. ఎంత గొప్ప దృశ్యం! కానీ కథ ఊరుకోదు, ఈయన కిందటి జన్మలో బ్రాహ్మణుడు, శాపం తగిలి ఇలా పుట్టాడని చెప్పి గాని వదలదు. విదురుడు దాసీపుత్రుడు, కాని శాపం పొందిన యముడట. తమిళ పెరియపురాణంలో నందనార్ చిదంబరం గుడిలోకి నేరుగా నడిచి వెళ్లలేదు. అగ్నిలో దిగి, జంధ్యంతో మునిరూపంలో బయటికి వచ్చాకే వెళ్లాడు. కాశీలో చెప్పులు కుట్టిన రవిదాసు గురించి రాసినవాళ్లు, ఆయన చర్మం కింద బంగారు జంధ్యం ఉందని రాశారు. కబీరుకు ఒక బ్రాహ్మణ వితంతువును తల్లిగా చూపించారు. మన శ్రీకాళహస్తి కన్నప్పకూ తప్పలేదు, ఆయన పూర్వం అర్జునుడని స్థలపురాణం చెప్పుకుంటారు. తిరుప్పాణాళ్వారు పైరులో దొరికిన బిడ్డ, శ్రీవత్సాంశ.

ఒకటైతే కథ. ఇన్ని చోట్ల ఇదే జరిగితే అది అలవాటు. కులం కిందనున్న మనిషి దేవుణ్ని చేరుకున్నాడని కళ్లారా చూసినా, ఆ మనిషి ఆ పుట్టుకతోనే చేరుకున్నాడని ఒప్పుకోవడానికి మనసు రాలేదు మనకు. అందుకే ఆయనకో కిందటి జన్మ కుట్టిపెట్టాం. గాణ్గాపురంలో ఏడు గీతలు గీసింది ఆ పనికే. మానవజన్మ దుర్లభమన్న మాటను మనం నిజంగా నమ్మి ఉంటే ఈ జన్మ ఒక్కటే చాలి ఉండేది. నా ఫిర్యాదంతా ఇదే.

కన్నప్ప పేరెత్తాను కాబట్టి శ్రీకాళహస్తి సంగతి ఇంకొంచెం. శ్రీ అంటే సాలెపురుగు, కాళమంటే పాము, హస్తి అంటే ఏనుగు. ముక్తి పొందిన ఈ మూడు జీవుల పేర్ల మీద వెలసిన ఊరది. ధూర్జటి వీటి కథలను, కన్నప్ప అయిన తిన్నడి కథతో కలిపి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో కావ్యం చేశాడు. మనిషి జన్మ ఉంటేనే మోక్షమన్న సిద్ధాంతాన్ని ఆ గుడి పేరే కాదంటోంది. మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలకు మొదటి ధ్వజారోహణం ఇప్పటికీ కొండమీద కన్నప్ప గుడిలోనే జరుగుతుంది. ఎంగిలి మాంసం పెట్టి, కాలితో గుర్తుపెట్టి కన్ను పెరికి ఇచ్చిన బోయవాడికి ముందు మర్యాద, ఆ తర్వాతే స్వామికి. తెలుగు నేల మీద నేను అన్నిటికంటే గర్వపడే ఆచారాల్లో ఇదొకటి. అర్జునుడి ముచ్చట తగిలించకపోయినా ఆ మర్యాదకు వెలితేమీ లేదు.

శ్రీవైష్ణవంలో ఈ ప్రశ్న మీద జరిగినంత పెనుగులాట ఇంకెక్కడా కనపడదు. మధురకవి బ్రాహ్మణుడు, వయసులో పెద్దవాడు. వెళ్లి గురువుగా పట్టుకున్నది వెళ్లాల కులంలో పుట్టిన నమ్మాళ్వారును. దేవుణ్ని పక్కనపెట్టి గురువునే పాడిన ఆళ్వారు మధురకవి. రామానుజులు యువకుడిగా ఉన్నప్పుడు బ్రాహ్మణేతరుడైన కాంచీపూర్ణుణ్ని గురువుగా భావించి, ఆయన తిన్న శేషం తినాలని ఇంటికి భోజనానికి పిలిచారు. ఆయన తిని వెళ్లగానే రామానుజుల భార్య ఆ చోటంతా కడిగి, మళ్లీ వంట చేసింది. సంసారం విరగడానికి అదొక కారణమైందని గురుపరంపర కథలు చెబుతాయి. ఆ ఇల్లాలిని తిట్టిపోయడం తేలిక. తరతరాలుగా నేర్పిన మడినే ఆమె పాటించింది, గురుభక్తి ఒకవైపు లాగితే వంటిల్లు ఇంకోవైపు లాగిన రోజది. తర్వాతి కాలంలో పిళ్లై లోకాచార్యులు, భక్తుడి కులం ఆరా తీయడం విగ్రహాన్ని ఏ పదార్థంతో చేశారని ఆరా తీయడం కంటే ఘోరమైన అపరాధమన్నారు. ఇంత గట్టిగా అన్న సంప్రదాయంలోనే పంక్తిభోజనాల్లో వరుసలు వేరుగా ఉండటం ఇటీవలి వరకూ చూశాం.

ఇక బనగానపల్లె. నాకు ఈ ప్రశ్నంతా చివరికి అక్కడికే వచ్చి ఆగుతుంది.

గరిమిరెడ్డి అచ్చమ్మ గారి ఇంట్లో పశువులు కాయడానికి కుదిరినవాడు వీరబ్రహ్మం. పదిహేడో శతాబ్దం. రవ్వలకొండ దగ్గర పశువుల చుట్టూ కర్రతో గీత గీసి, అవి దాన్ని దాటకుండా మేస్తుంటే, తాను గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాసుకునేవాడని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెబుతారు. సంగతి తెలిసి చూడబోయిన యజమానురాలు ఆ పశువుల కాపరి కాళ్లమీద పడి ఉపదేశం అడిగింది. ఇందులో ఎన్ని తలకిందులయ్యాయో చూడండి. కూలి ఇచ్చే చేయి, కూలి తీసుకునే చేతి ముందు చాపింది. భూమి ఉన్న కులం, పనిముట్టు పట్టే కులం ముందు తల వంచింది. పెద్దావిడ, పిల్లవాణ్ని గురువన్నది. బ్రహ్మంగారు కిందటి జన్మలో ఫలానా అని అచ్చమ్మ ఎవరినీ విచారించలేదు. చూసింది, నమ్మింది, అడిగింది. ఇక్కడా గీత ఉంది గానీ అది పశువులకు, మనుషులకు కాదు.

ఆయన ప్రియశిష్యుడు దూదేకుల సిద్దయ్య. ముస్లింల పిల్లవాడు, దూది ఏకే వృత్తివాళ్ల బిడ్డ. కన్నవాళ్లు ఒప్పుకోలేదు, కడప నవాబు దాకా ఫిర్యాదు వెళ్లింది, అయినా గురువును విడవలేదు. బ్రహ్మంగారు తన దండమూ పాదుకలూ ఇచ్చింది సిద్దయ్యకే. ఇంకో శిష్యుడు కక్కయ్య, మాదిగ. శరీరంలోనే దేవతలున్నారని గురువు చెప్పగా విని, చూద్దామని ఇంటికెళ్లి పెళ్లాం ఒళ్లు కోసి చూశాడని, గురువు వచ్చి ఆమెను బతికించాడని కథ. భజనల్లో ఈ కథ వచ్చినప్పుడల్లా అందరూ కక్కయ్య అమాయకత్వానికి, గురువు మహిమకు చేతులు జోడిస్తారు. నాకు ఆమె గుర్తొస్తుంది. గురుశిష్యుల మధ్య పాఠానికి ఆడమనిషి ఒళ్లు పలకైంది. కులం మెట్లు కొట్టేసినచోట కూడా నిచ్చెనలో మగపుట్టుక అనే రెండో మెట్టు అలాగే ఉండిపోయింది. తర్వాతి తరాల్లో బ్రహ్మంగారి మనుమరాలు ఈశ్వరమ్మ ఆ పరంపరలోనే గురువుగా పూజలందుకోవడం ఒక్కటే కాస్త ఊరట.

దండమూ పాదుకలూ సిద్దయ్యకు దక్కాయి. కందిమల్లాయపల్లెలోని బ్రహ్మంగారి మఠాధిపత్యం మాత్రం వంశంలోనే సాగింది. దీన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు, దాదాపు ప్రతి గురుపరంపరలోనూ జరిగిందిదే. ఉపదేశం ఎవరికైనా అందుతుంది. ఆ తర్వాత గుడి వస్తుంది, మాన్యం వస్తుంది, తాళంచెవి వస్తుంది. అప్పుడు మళ్లీ పుట్టుక అడుగుతారు. బసవన్న కాలంలో కులం కూల్చడానికే పుట్టిన వీరశైవం కూడా కొన్ని వందల ఏళ్లలో లోపల తెగలుగా చీలిపోయింది.

నా చిన్నప్పటి ఊరు కడప జిల్లాలోనే. ఆషాఢ పున్నమి రాత్రి రామాలయం అరుగు మీద గురుపూజ జరిగేది. ఆ పున్నమి వ్యాసుడిది, ఆయన పల్లెపడుచు సత్యవతి కొడుకు. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. బ్రహ్మంగారి పటం, సిద్దయ్య పటం, ముందు ఆముదం దీపం. తంబూర ఒకరు, గుమ్మెట ఒకరు, చిడతలు పట్టుకున్నవాళ్లు పదిమంది. తత్వాలు అందరికంటే బాగా వచ్చింది మాదిగవాడ నుంచి వచ్చే ఒక పెద్దాయనకు. ఆయన గొంతెత్తితే చిడతలు వాటంతటవే నెమ్మదించేవి. గురువు మహిమ పాడుతున్నప్పుడు కళ్లు మూసుకునేవాడు, చెంపల మీద నీళ్లు కారేవి. రెడ్లూ కోమట్లూ అందరూ ఊగిపోతూ అందుకునేవాళ్లు. ఆయన పాడింది అరుగు మీద కూర్చుని కాదు. అరుగు కింద, మెట్టు పక్కన, గోనెసంచి మీద. కాఫీ వచ్చినప్పుడు ఆయన గ్లాసు ఆయన తువ్వాలు మూటలోంచి తీసేవాడు, పైనుంచి పోసేవాళ్లు. తాగి, తనే కడుక్కుని, మూటలో పెట్టుకుని మళ్లీ పాట ఎత్తుకునేవాడు. పైన పటంలో సిద్దయ్య, కింద ఈయన. మధ్యలో అడుగున్నర ఎత్తు అరుగు. ఎనిమిదేళ్ల నాకు అందులో వింతేమీ కనపడలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో కడుపు మండుతుంది.

అంబేడ్కర్ ప్రశ్న ఆ అరుగు దగ్గరే అర్థమవుతుంది. ఆయన కులనిర్మూలన 1936లో వెలువడింది. లాహోర్ సభలో చదవడానికి రాసుకుని, చదవనివ్వకపోతే అచ్చువేసిన ప్రసంగమది. సాధుసంతులను ఉదాహరణగా చూపిన గాంధీజీకి ఇచ్చిన జవాబులో, సంతులు దేవుడి ముందు మనుషులు సమానమన్నారే గాని మనిషి ముందు మనిషి సమానమనలేదని ఆయన తేల్చారు. అయినా ఆ సంతులను ఆయన పారేయలేదు. 1948లో అంటరానివారి పుట్టుక మీద రాసిన పుస్తకాన్ని నందనార్, రవిదాసు, చోఖామేళాలకే అంకితమిచ్చారు. తనకు ముగ్గురు గురువులని, బుద్ధుడు, కబీరు, ఫూలే అని చెప్పుకున్నారు. గురుభక్తి ఆయనలోనూ ఉంది, కాకపోతే ఆ గురువులను ఆయనే ఎంచుకున్నారు, పరీక్షించి ఎంచుకున్నారు.

అంటరాని కులంలో పుట్టిన సంతు చోఖామేళా సమాధి పండరిపురంలో విఠలుడి గుడి మెట్ల దగ్గరే ఉంది. మంగళవేఢెలో గోడ కూలి చనిపోతే నామదేవుడు అస్థికలు తెచ్చి అక్కడ పెట్టాడంటారు. బతికుండగా మెట్టు ఎక్కనివ్వలేదు, పోయాక మెట్టు కింద చోటిచ్చారు. ఆ గుడి తలుపులు ఆయన కులంవాళ్లకు తెరుచుకోవడానికి 1947లో సానే గురూజీ నిరాహారదీక్ష చేయాల్సి వచ్చింది. పద్నాలుగో శతాబ్దంలో పోయిన మనిషికి ఆరు వందల ఏళ్ల నిరీక్షణ.

గురుభక్తి కులానికి విరుగుడని గుడ్డిగా నమ్మేవాళ్లు ఏకలవ్యుడి దగ్గర కాసేపు ఆగాలి. అతని గురుభక్తికి వంక లేదు, మట్టిబొమ్మ ముందు విద్య నేర్చినవాడు. పాఠం చెప్పని గురువు దక్షిణ మాత్రం అడిగాడు, అదీ బొటనవేలు. అడగ్గానే ఇచ్చాడని ఇన్నాళ్లూ మెచ్చుకున్నాం. శరణాగతి గొప్పదే, కానీ ఎదురుచెప్పకుండా తలవంచడం అలవాటైన సమాజంలో కులం కూడా శరణాగతినే అడుగుతుంది. ఆ రెండూ ఒకే భాష మాట్లాడతాయి. అందుకే ప్రశ్నించనిచ్చే గురువే నాకు గురువు. 1888లో అరువిప్పురంలో నారాయణగురువు శివలింగం ప్రతిష్ఠించినప్పుడు ఈళవులకు ఆ హక్కెక్కడిదని అడిగినవాళ్లున్నారు. ఆయన అనుమతి కోసం ఎదురుచూడలేదు, పూర్వజన్మ సాక్ష్యమూ తేలేదు. ఏటిలో మునిగి రాయి తీసి నిలబెట్టాడు. వివాదం కంటే ఆ తడి రాయి నాకు పెద్ద ప్రమాణం.

మన కాలంలోనూ మంచి జరగలేదని అనను. 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి ఆలయంలో చిలుకూరు బాలాజీ అర్చకులు రంగరాజన్ ఒక దళిత భక్తుణ్ని భుజాల మీద ఎక్కించుకుని గర్భగుడి దాకా తీసుకెళ్లారు. తిరుప్పాణాళ్వారును లోకసారంగముని మోసుకెళ్లిన సేవకు అది పునరావృత్తి. ఆ ఫొటో చూసి నాకు కళ్లు చెమర్చాయి. కేరళలో దేవస్వం బోర్డు 2017లో దళితులను అర్చకులుగా నియమించింది. నాకు భుజాల మీద ఎక్కించుకోవడం కంటే ఇది ఎక్కువ అనిపించింది. భుజం ఒక రోజుది. ఉద్యోగం రోజూ పొద్దున్నే తాళం తీసేది. షిర్డీ సాయిబాబా కులమేమిటో, మతమేమిటో తేలలేదు. ఎక్కిరాల భరద్వాజ సాయిలీలామృతం చేతుల్లో పట్టుకుని తెలుగువాళ్లు ఊరూరా మందిరాలు కట్టారు. పుట్టుక తెలియని గురువును ఇంతమంది ఇంత ప్రేమగా కొలవడం ఊరికే జరగలేదు. అదే భక్తులు పిల్లల పెళ్లిళ్లకు వచ్చేసరికి కులసంఘం పరిచయవేదికకే వెళతారు. అది కూడా చూస్తూనే ఉన్నాను.

కిందటేడు గురుపూజకు ఊరెళ్లాను. పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన మనవడు తత్వాలు పాడుతున్నాడు, తాత గొంతే. అరుగు మీదే కూర్చున్నాడు. అందరికీ కాగితం గ్లాసుల్లోనే టీ వచ్చింది. తెల్లవారుజామున మంగళహారతి అయ్యాక, దీపం కొండెక్కకముందే అతను తాళాలు కింద పెట్టి అన్నాడు: "వచ్చే ఆషాఢ పున్నమికి పూజ మా వాడలో పెట్టుకుందామన్నా. పటాలు మేమే మోసుకుపోతాం. వంట కూడా మాదే."

ఎవరూ కాదనలేదు. సరేనని కూడా అనలేదు. తంబూర పట్టుకున్నాయన తీగ సవరించుకుంటూ కాసేపు తల వంచుకుని, ఇంకో తత్వం అందుకున్నాడు. ఆ పున్నమి ఇంకా రాలేదు.